రేపటి కొలతల గౌన్లు

పొద్దున్నే దుకాణం తలుపు తీసి, దర్జీ మాస్టారు తన పెద్ద కత్తెరని కోడలి చేతిలో పెట్టాడు. "ఇక కత్తిరింపు నీదేనమ్మాయ్," అన్నాడు. కాజాలు కుట్టీ కుట్టీ ఈ రోజు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన మనిషి ఆమె. ఆ కత్తెరని ఎవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరి వేసే మామగారు తనంత తానే ఇచ్చేసరికి, ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

వెనక వంటగదిలోకి పరుగెత్తింది. "అత్తయ్యా, చూశారా!"

"చూశానే తల్లీ. మీ మామకి ఈ మధ్య బంగారంలాంటి బుద్ధి పుట్టింది. నిన్న నన్ను కూర్చోబెట్టి మిషనుకి నూనె ఎలా వెయ్యాలో, బెల్టు జారితే ఏం చెయ్యాలో నేర్పాడు. పెళ్లయిన నాటినుంచీ ఆ మిషను నాకు సవతి. నిన్నటికి రాజీ కుదిరింది," అంటూ నవ్వింది అత్తగారు.

కొన్నాళ్లుగా మాస్టారి చేయి వణుకుతోంది. కత్తెర పక్కకి పోయి పాత ఖాతాదారు ఒకాయన కోటు గుడ్డ మెడ దగ్గర పాడైంది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. మరో గుడ్డ కొన్నప్పుడు మాత్రం దాన్ని చంకలో పెట్టుకుని ఎదురు దుకాణం మెట్లెక్కాడు. అది చూసిన దగ్గరినుంచీ మామగారు అన్నం కెలికి లేచిపోతున్నాడు. పోనీలే, పని అప్పగించి విశ్రాంతి తీసుకుంటాడు కాబోలు అనుకున్నారు ఆడవాళ్లిద్దరూ.

కత్తెరకి పని చెబుదామని కోడలు గుడ్డ కోసం పై అర వెతికింది. అస్తరు గుడ్డల వెనక ఒక మూట. విప్పితే గౌన్లు, అన్నీ తన కూతురికే. మొదటిది ఇప్పుడు సరిపోతుంది. దాని కిందది భుజాల దగ్గర కాస్త పెద్దది. ఆ కిందది ఇంకా పెద్దది. అట్టడుగున ఉన్నది నడుము ఒదిగేలా కుట్టిన, ఎదిగిన పిల్ల వేసుకునే గౌను. అంచులన్నీ వంకరపోయాయి.

మనవరాలంటే ఎంత ముద్దో అని ముందు గుండె నిండిపోయింది. అంతలోనే చెయ్యి ఆగింది. పిల్ల పుట్టినరోజుకి గౌను ఒక చుట్టు పెద్దది కుట్టమంటే ఈయనే కదా కస్సుమన్నాడు! "పెరిగే పిల్లకి ముందే కొలతేంటి? పెరిగాక తీసుకురా. కుట్టడానికి నేను లేనూ?"

కత్తెర, మిషను, గౌన్లు... ఎవరివి వాళ్లకి అప్పగించేసి ఈయన ఎక్కడికి బయలుదేరుతున్నట్టు?

మూట తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇవేంటి మామయ్యా?"

"గౌన్లు. కళ్లు కనపడ్డం లేదా?"

"కనపడుతున్నాయి కాబట్టే అడుగుతున్నా. పెళ్లీడు దాకా కుట్టేశారు. అప్పటికి మీరెక్కడుంటారు?"

"ముసలాణ్ణి. ఎక్కడుంటానో ఎవరికి తెలుసు?"

"మాట దాటెయ్యకండి. సూటిగా అడుగుతున్నా. చచ్చిపోదామనుకుంటున్నారా?"

గుమ్మంలో అత్తగారి చేతిలోంచి గిన్నె జారిపడింది. "నోరు ముయ్యవే! ఏం మాటలవి!"

"అడగనివ్వండి అత్తయ్యా. అడిగినందుకు ఏమీ కాదు. అడక్కపోతేనే నాకు భయం."

మామగారు చేతిలోని సుద్దముక్కని బల్ల మీద పెట్టేశాడు. "అనుకుంటున్నానమ్మా," అన్నాడు. "ఈ చేతులు పోయాక నేనేంటి? అందరికీ అడ్డం. పగలంతా అదే ఆలోచన. వద్దనుకున్నా వదలదు."

అత్తగారు వచ్చి ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. "నీ చేతుల్ని కట్టుకున్నానా, నిన్ను కట్టుకున్నానా? ఇంత బరువు కడుపులో పెట్టుకుని నాకు నూనె వెయ్యడం నేర్పుతావా, మొద్దు మనిషీ!" తిట్టింది, ఏడ్చింది, మళ్లీ తిట్టింది.

కోడలు ఏడుపు దిగమింగి ఫోను తీసింది. బస్సు నడిపే మొగుడికి, "బండి ఎవరికైనా అప్పగించి సరాసరి ఆసుపత్రికి వచ్చెయ్," అని చెప్పింది. దుకాణం మూసింది.

"జనం పిచ్చోడంటారమ్మాయ్," గొణిగాడు మామగారు.

"అననివ్వండి. పన్ను సలిపితే వెళ్లమా? ఇది మనసు సలపడం. చెప్పులేసుకోండి."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన చెప్పులు వేసుకున్నాడు.

డాక్టరమ్మ తొందరపెట్టకుండా అంతా వింది. వణుకు సంగతి చూడమని మరో డాక్టరుకి రాసిచ్చింది. అది పూర్తిగా పోకపోయినా తగ్గే వీలుందట. ఈ ఆలోచనలూ జబ్బే, వీటికీ వైద్యం ఉంది, మందులతో పాటు మాటలూ కావాలి అంది. "ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ పైకి చెప్పాలి, మాస్టారూ. చెప్పాక మీరు ఒంటరిగా ఉండకూడదు," అని ఆయనకీ, ఇంటిల్లిపాదికీ కలిపి చెప్పింది.

ఒక్క పూటలో ఏదీ మారలేదు. మాస్టారు కొన్ని రోజులు మనవరాలితో ఆడాడు, కొన్ని రోజులు గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఎవరో ఒకరు కనిపెట్టుకునే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం దుకాణం కిటకిటలాడుతోంది. కోడలు ఒకామెకి భుజాలు కొలుస్తోంది. లోపలి గదిలోంచి మామగారి గొంతు వినపడింది, సిగ్గూ బిడియమూ లేకుండా, అందరికీ వినపడేంత గట్టిగా.

"అమ్మాయ్! ఆ పాడు ఆలోచన మళ్లీ వచ్చింది. కాస్త వచ్చి కూర్చో."

దుకాణంలో వాళ్లంతా అటు తిరిగారు. కోడలు టేపు మెళ్లో వేసుకుంది. "ఒక్క నిమిషం ఆగండి. మా మామయ్య పిలుస్తున్నారు," అని చెప్పి లోపలికి నడిచింది.

ఆయన అప్పటికే ఓ పక్కకి జరిగి, ఆమెకి చోటు చేసి కూర్చున్నాడు.