అడుగున కన్నమున్న కుండీ

"అడవంతా బయట ఉండగా ఇంట్లోకి సెట్టేటిరా?" అని పకపకా నవ్వింది రత్నాలు.

గుమ్మంలో నిలబడ్డ గాసి కూడా నవ్వాడు గానీ చేతిలోని మట్టికుండీ దించలేదు. పాచిపెంట పైన కొండమీది బంగళాలో నీళ్లు మోస్తాడు అతను. దొరసాని ఊరు వదిలిపోతూ పారేయమన్న మొక్క అది. వెడల్పాటి ఆకులు, తిప్పి చూస్తే వెనక నెత్తుటి రంగు.

"గుమ్మం పక్కన నీడనెట్టు. పొయ్యి కాడొద్దు. మట్టారితేనే నీల్లు పొయ్యాల. దొర సామాన్లు సాలూరులో దింపీసి బేగొచ్చెత్తాను. అందాకా సచ్చిపోనీకు గుంటా!"

"సచ్చిపోతే?"

"నానూ పోయినట్టే!"

వేళాకోళానికన్నాడు. రత్నాలు అతని భుజం మీద ఒక్కటిచ్చింది. లోపల చోళ్లు విసురుతున్న తల్లి దేముడమ్మ చేతిలో మాత్రం తిరగలి ఆగిపోయింది.

వానాకాలం. కొండ కింద జ్వరాలు. ఆమె మొగుడూ ఇలాగే నవ్వుతూ కావిడెత్తుకుని దిగాడు. తిరిగి తన కాళ్లమీద ఎక్కలేదు. అందుకే, "కావిడి మోసేవోడికి నా పిల్లనివ్వను" అని గాసి తల్లికి ముందే చెప్పేసింది.

మర్నాడు రత్నాలు మొక్కకు నీళ్లు పోసింది. కాసేపటికి కుండీ అడుగునుంచి చుక్కా చుక్కా కారడం దేముడమ్మ కంట పడింది. కుండ కారితే మంచిదా? అందులోనూ ఇలాంటి మాట పడ్డ కుండ! కూతురు పొలానికి వెళ్లగానే గుగ్గిలం కరిగించి, ఓటికుండకు పూసినట్టు ఆ కన్నం పూడ్చేసింది. అప్పటికి గానీ ఊపిరి తిరగలేదు.

సంతనాడు కబురొచ్చింది. గాసి సాలూరులో జ్వరంతో పడున్నాడట, మనిషిని గుర్తుపట్టడం లేదట.

రత్నాలు ఏడవలేదు. మొక్క దగ్గర కూర్చుంది. ఆకు పసుపెక్కితే తల్లి గుట్టుగా ఓ దోసెడు నీళ్లు పోసింది. ఆకు రాలితే మరో దోసెడు. కాడలు మెత్తబడి వంగాయి. కుండీలోంచి కుళ్లు వాసన.

"అమ్మా, ఆడు పోనాడే" అంది రత్నాలు.

వానలు వెనకబట్టాక ఓ పొద్దున గుమ్మంలో నీడ పడింది. గుండు చేయించిన తల, ఎముకలగూడు.

"నన్ను సంపీసేరేటి మీరిద్దరూ?"

రత్నాలు లేచింది. మళ్లీ అతని భుజం మీదే కొట్టబోయి, ఆ భుజం చూసి చెయ్యి దించేసుకుంది.

గాసి కుండీ ఎత్తి అడుగు చూశాడు. "గుగ్గిలమేటత్తా?"

"కారిపోతంటే... నీ పానమే కారిపోతన్నట్టుందిరా!"

అతను దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నీల్లు పోయే దారి లేక ఏర్లు కుల్లిపోనాయి. నన్ను జొరం ముంచలేదు గానీ, నువ్వు ముంచీసేవు!"

గుగ్గిలం పెకలించాడు. నల్లనీళ్లు నేలపాలయ్యాయి. మిగిలిన ఒక్క ఆకునూ కోసి, దాని ఈనెను తడి ఇసకలో గుచ్చి, "బతకొచ్చు, బతక్కపోవచ్చు" అన్నాడు.

దేముడమ్మ అతని నుదురు ముట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"మల్లీ వత్తాదా?"

"పతీ వానకీ వత్తాదంటన్నారత్తా."

ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"అయితే పెల్లి బేగి సేసీయాల. మల్లీ వచ్చినప్పుడు సూసుకునే మనిషుండొద్దేటి?"