బరువు తగ్గని ఫైలు

మూడో అంతస్తులో లిఫ్టెక్కిన రికార్డుల గుమస్తా కిందికి దిగేసరికి శవమై ఉన్నాడు. ఒంటిమీద గాయం లేదు. మెడ వెనక మాత్రం చీమ కుట్టినంత ఎర్రచుక్క. లిఫ్టెక్కే ముందు చీఫ్‌కు ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పాడు: "సార్, ఫొటోలు హిస్టరీలో ఉన్నాయి."

మధ్యాహ్నం రెండింటికల్లా ఏజెంట్ జలగ చీఫ్ ముందు నిలబడ్డాడు. పట్టుకుంటే వదలడని ఆ పేరు. మారువేషాల్లో ఎంత ఘనుడంటే, ఓసారి అద్దంలో తనను తానే చూసుకుని "ఎవరు కావాలండీ?" అని అడిగాడట.

"కూర్చోకు, టైం లేదు" అన్నాడు చీఫ్. "మన ప్రోగ్రాముల కోడంతా రిపాజిటరీ అనే ఒక గిడ్డంగిలో ఉంది. ఏడేళ్ల కిందట ఎవరో అందులో ఒక ఫైలు పెట్టి, మర్నాడే డిలీట్ చేశారు."

"చేశారుగా?"

"తిరకాసంతా అక్కడే. అది దేన్నీ మర్చిపోదు. నిన్నటి రూపం, మొన్నటి రూపం, పుట్టిననాటి రూపం, అన్నీ 'హిస్టరీ' పేరుతో దాచుకుంటుంది. పైకి ఫైలు లేదు, అడుగున ఉంది. దొంగపేర్లతో పరాయి దేశంలో ఉన్న మన పదకొండు మంది ఫొటోలు."

జలగ బల్ల మీదికి వంగాడు. "మా అక్క..."

"ఏడో ఫొటో. నాలుగింటికి రిపాజిటరీ ఒక ప్రైవేటు కంపెనీ సర్వర్‌కు తనంతట తానే మైగ్రేట్ అవుతుంది, మొత్తం అక్కడికి తరలిపోతుంది. అక్కడ శత్రువు మనుషులున్నారని ఇవాళ పొద్దున్నే తెలిసింది."

"ఆపించండి సార్!"

"ఆపాలంటే ఆరు సంతకాలు కావాలి. వాళ్లలో నలుగురు భోజనానికి వెళ్లారు. నువ్వే వెళ్లి హిస్టరీలోంచి ఆ ఫైలు పీకెయ్. ఆ తరలింపు చూసే మైగ్రేషన్ కన్సల్టెంట్ సాయం చేస్తుంది. ఆవిడ తమ గూఢచారి అని శత్రువు నమ్మకం. నిజానికి మన మనిషి."

మూడుంపావుకు ఏసీ మెకానిక్ ఒకడు భుజాన గ్యాస్ సిలిండర్‌తో రిపాజిటరీ ఉన్న భవనంలోకి అడుగుపెట్టాడు. గేటు దగ్గర చెప్పులు కూడా విప్పించి తడిమారు. లోపలి నుంచి పెన్సిల్ ముక్క బయటికి పోనివ్వని చోటది. సర్వర్ గది కిటికీల్లేని పెట్టెలా ఉంది. చలికి పళ్లు టకటకలాడాయి.

పగడాల హెయిర్‌పిన్‌తో జుట్టు ముడి వేసుకున్న కన్సల్టెంట్ కుర్చీ తిప్పింది. అందగత్తే. చూపు మాత్రం గది కంటే చల్లన.

"ఫిల్టర్ మార్చాలా, గ్యాస్ నింపాలా?"

"రెండూ కాదండీ. తలుపు మూయాలి."

సంకేతం కలిసింది. ఆమె నవ్వింది. "నీకు పని మిగల్చలేదులే బాబూ. 'ఫీల్డ్ లిస్ట్' అన్న పేరుతో ఉన్న ఫైలును హిస్టరీ మొత్తంలోంచి తీసేశా. చెత్త కూడా ఊడ్చేశా. వెతుక్కో."

వెతికాడు. సున్నా. అక్క గండం గట్టెక్కిందని ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో తెర మూలన రిపాజిటరీ సైజు కనిపించింది. మూడువందల పన్నెండు ఎంబీ. మధ్యాహ్నం చీఫ్ చూపించిన కాగితంలోనూ అంతే. ఫొటోల బరువే నలభై ఎంబీ!

జలగ తెర ముందుకు జరిగాడు. గడ్డం మార్చినా, గొంతు మార్చినా, తూకం మీదికెక్కితే తన బరువు తనదే. ఫైళ్లను పేర్లతో కాక బరువుల వరసలో పేర్చాడు. ఏడేళ్ల అడుగున 'క్యాంటీన్ మెనూ' తేలింది. నలభై ఎంబీ. ఒకే సరుకు, రెండు పేర్లు.

పేరుతో లాభం లేదు. ప్రతి ఫైలుకూ రిపాజిటరీ వేసుకునే వేలిముద్ర ఒకటుంటుంది. 'ఈ వేలిముద్ర ఏ పేరుతో ఉన్నా తీసెయ్' అని బట్టీపట్టిన కమాండ్ కొట్టాడు. ఎంటర్ ఒక్కటే మిగిలింది.

మెడ వెనక చల్లగా ఏదో తాకింది. పగడాల హెయిర్‌పిన్.

"వేలు కదిలిందా, గుమస్తా దగ్గరికే" అంది ఆమె చెవిలో. "ఆ ఫైలు పెట్టింది నేనే. పేర్లయితే కంఠస్థం చేసి మోసుకుపోయేదాన్ని. ముఖాలెలా మోసుకుపోను? హిస్టరీలో పాతిపెట్టి, ఈ రిపాజిటరీ గడప దాటే రోజు కోసం ఏడేళ్లు కూర్చున్నా."

"అందులో మా అక్క ఉంది."

"తెలుసు. ముక్కు నీదే."

గడియారం మూడూ యాభై ఎనిమిది. జలగ కాలి బొటనవేలితో సిలిండర్ మర తిప్పాడు. తెల్లటి పొగ బుస్సుమని ఆమె చేతి మీదికి లేచింది. ఆమె కెవ్వుమంది. పిన్ జారింది. మోచేత్తో ఎంటర్ గుద్ది, ఆమె రెండు చేతులూ విరిచి పట్టుకున్నాడు.

తెర మీద పాత రూపాలన్నీ ఆ ఫైలు లేకుండా ఒక్కొక్కటే కొత్తగా తయారవుతున్నాయి. రెండు వేలు. మూడు వేలు. నాలుగు వేలు. మూడూ యాభై తొమ్మిది, యాభై ఏడో సెకను. యాభై ఎనిమిది. సైజు రెండువందల డెబ్బై రెండుకు పడింది. నాలుగు కొట్టింది. మైగ్రేషన్ మొదలైంది.

"ఏడేళ్లు..." అంది ఆమె, నేల మీంచి.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. జలగ ముఖంలో మాత్రం వెలుగు లేదు. "సార్, ప్రోగ్రామర్లు ముప్ఫై ఇద్దరు. అందరి కంప్యూటర్లలోనూ పాత కాపీలున్నాయి. ఒక్కరు పాతదాన్ని కొత్తదాంట్లో కలిపి పంపినా ఫొటోలు తిన్నగా ఆ కంపెనీకే పోతాయి. ముప్ఫై ఒకరివి దగ్గరుండి చెరిపించా. అందరూ నన్ను తిట్టారు."

"ఆ ఒక్కడూ?"

"కంప్యూటర్ బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని హనీమూన్‌కు వెళ్లాడు. ఎక్కడికో వాళ్లమ్మక్కూడా చెప్పలేదట. బీరువా పగలగొట్టాలంటే మళ్లీ ఆరు సంతకాలట."

చీఫ్ కొత్త ఫైలొకటి తెరిచి, జలగ ముందుకు తోశాడు. "పక్కన ఎవరూ లేకుండా హనీమూన్ హోటల్‌కు ఏ వేషంలో వెళ్తావో, అది మాత్రం నువ్వే ఆలోచించుకో."