డాబా మీద నీళ్ళ చప్పుడు

పటమటలో మా ఎదురింటి మేడ మీది పోర్షన్‌కి దెయ్యాల కొంప అని పేరు. ఆ పేరు పెట్టిందాన్ని నేనే, ఎందుకు దాచడం. రెండేళ్ళలో మూడు కుటుంబాలు ఖాళీ చేసి పోయాయి. అర్ధరాత్రి దాటాక పైన డాబా మీద ఎవరో నడుస్తారు... ఆ తర్వాత నీళ్ళు కుమ్మరించిన చప్పుడు.

అంతకుముందు అందులో తెరేసమ్మ ఒక్కతే ఉండేది. జాకెట్లు కుట్టుకుని బతికేది. ఎప్పుడూ తెల్లచీరే. ఎండాకాలం గది చల్లబడాలని సాయంత్రం డాబా మీద నాలుగు బిందెల నీళ్ళు పోసేది. కింద ఉండే ఇంటావిడ వెంకటరావమ్మగారికి అది గిట్టలేదు. నీళ్ళు నిలిస్తే స్లాబు కారుతుందని డాబా తలుపుకి తాళం వేశారు. వేస్తుంటే నేను చూశాను. మనకెందుకులే అని ఊరుకున్నాను.

ఆ ఏడు, అంటే రెండువేల మూడు, మే నెలలో తెరేసమ్మ వడదెబ్బకి ఆ గదిలోనే పోయింది.

నాలుగో కుటుంబంగా షబ్బీర్, ఖుర్షీదా దిగారు. షబ్బీర్‌కి గవర్నర్‌పేట లాడ్జీలో నైట్ డ్యూటీ. ఖుర్షీదా చంకలో మూడు నెలల పిల్ల, ఒళ్ళంతా చెమటకాయలు. వద్దమ్మా అని చెప్పి చూశాను. ఇక జరిగింది ఆ అమ్మాయి నాతో చెప్పిందే.

మొదటి రాత్రే వినబడిందట. అడుగులు... ఆగాయి... బొళబొళా నీళ్ళు. పిల్లని దగ్గరికి లాక్కుంది. కానీ ఒకటి — వీధిలో మేడగదులన్నీ పెనంలా కాలుతుంటే, ఆ గది మాత్రం తెల్లవారుజాముకి చల్లబడేది. పుట్టింట్లో రాత్రంతా గుక్కపట్టిన పిల్ల అక్కడ ఆదమరిచి నిద్రపోయింది. ఖాళీ చేస్తే పిల్లకి నిద్ర లేదు. ఉంటే తనకి లేదు.

వారం ఓర్చుకుంది. ఎనిమిదో రాత్రి ఇక ఉండబట్టలేక, తెల్ల దుపట్టా తల నిండా కప్పుకుని మెట్లెక్కింది. డాబా తలుపు... బార్లా తీసి ఉంది.

వెన్నెల్లో ఒక ముసలమ్మ. చీర ఎగదోపుకుని, నడుం వంగిపోయి, బిందెతో నీళ్ళు పోస్తోంది. సరిగ్గా ఆ గది మీదే.

వెంకటరావమ్మగారు!

పగలు పోస్తే మేమంతా చూస్తాం కదా. ఆ రోజు పోయనివ్వనివారు ఇప్పుడెందుకు పోస్తున్నారని నాలాంటిది అడగదూ!

అలికిడికి ఆవిడ తిరిగారు. బిందె జారిపోయింది. ఆ తెల్ల ముసుగు వైపే చూస్తూ —

"వచ్చావా తెరేసమ్మా..." అన్నారు గుసగుసగా. "తాళం తీసేశాను చూడు. రోజూ పోస్తున్నాను. ఇప్పుడు... చల్లగా ఉందా?"

నేనండీ, ఖుర్షీదాని, అనబోయింది.

"చల్లగా ఉందండీ," అంది. "ఇంక పడుకోండి."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని మెట్లు దిగిపోయారట.

"అబద్ధం చెప్పాను ఆంటీ. తప్పేనా?" అని మర్నాడు అడిగింది నన్ను.

తప్పు నీది కాదమ్మా అన్నాను.

ఆ సాయంత్రం ఎండ దిగకముందే, వీధంతా చూస్తుండగా, నా బిందె పట్టుకుని నేనే ఆ డాబా ఎక్కాను.