పదిహేడో పేరు

పరుగు!

గుమస్తా మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాడు. చంకలో రిజిస్టరు. జేబులో అగ్గిపెట్టె.

వెనక చెప్పుల చప్పుడు... దగ్గరవుతోంది!

ఆఫీసు మూసే వేళ చూసి రికార్డు రూములోంచి దీన్ని లేపేశాడు. ఎవరో చూశారు. తిరిగి చూసే ధైర్యం లేదు.

రేపు పదింటికి ఎంక్వయిరీ. ఈలోగా ఇది బూడిద కావాలి. లేకపోతే జైలే.

గాలిమరల ప్రాజెక్టుకు ఊరి ఒప్పుకోలు ఉండాలని రూలు. మీటింగు నోటీసు ఆఫీసు లోపలి గోడకే అంటించారు. ఒక్కరూ రాలేదు. మంచి పనికి ఆలస్యం దేనికి, నువ్వే చూసుకో అన్నాడు ఆఫీసరు.

చూసుకున్నాడు. నలభై పేర్లు, నలభై వేలిముద్రలు. తన పది వేళ్ళు. నాలుగు విడతలు.

ఆ సిరా చేతులతోనే ఆ పూట కూతురికి అన్నం కలిపి పెట్టాడు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాడు.

సందు మలుపు... గోడ! దారి లేదు!

కూలబడ్డాడు. చీకటి పడిపోయింది. పుల్ల గీశాడు. ఆరింది. ఇంకోటి... వెలిగింది!

భుజం మీద చెయ్యి పడింది.

నాలుగు వేళ్ళే. బొటనవేలు లేదు.

తల ఎత్తకుండానే తెలిసిపోయింది. బాబాయి! కోత మిషనులో రెండు బొటనవేళ్ళూ పోగొట్టుకున్న బాబాయి. తనను చదివించి మనిషిని చేసిన బాబాయి. రిజిస్టరులో పదిహేడో పేరు.

'బొటనవేలి ముద్ర' అని అచ్చులో ఉన్న గడిలో, హడావిడిలో ఆ పేరుకీ తన వేలే నొక్కేశాడు.

చెయ్యి చురుక్కుమంది. పుల్ల పారేశాడు.

బాబాయి ఆయాసపడుతూ పక్కనే చతికిలబడ్డాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఎంక్వయిరీ సమన్లు తీసి చేతికిచ్చాడు. రేపు వచ్చి ముద్ర వేసి చూపించాలట. అది పట్టుకునే ఇతని కోసం ఆఫీసుకు వచ్చాడట.

"ఏ వేలితో వెయ్యమంటావురా?"

గుమస్తా తన వేళ్ళు పిడికిట్లో దాచుకున్నాడు.

"గాలిమర వద్దని ఎవడన్నాడు? ఒక్క మాట అడిగుంటే ఒప్పుకునేవాణ్ణి కదరా."

భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది.

బాబాయి కిందపడ్డ అగ్గిపెట్టెను రెండు అరచేతుల మధ్య నొక్కి ఎత్తాడు. గుమస్తా ఒళ్ళో పెట్టాడు.

"నేనేం చూడలేదు."

చెప్పుల చప్పుడు దూరమైంది.

గుమస్తా పుల్ల గీశాడు!

ఆ వెలుతురులో పదిహేడో పేరు వెతికాడు. పెన్ను తీసి ముద్ర పక్కన రాశాడు... ఇది నా వేలు. కింద సంతకం పెట్టాడు.

ఇంకా ముప్పైతొమ్మిది రాయాలి. పెట్టెలో పుల్లలు లెక్కపెట్టుకున్నాడు.