నీలంచీర ముక్క

మధ్యాహ్నం రెండయ్యింది. బయట వాన పట్టు వదలకుండా కురుస్తోంది. రాజోలు దగ్గర ఓ చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆయా మరిడమ్మ నేల తుడుస్తోంది. శుభ్రంలో మరిడమ్మ తర్వాతే ఎవరైనా అని పేరు. ఆ పేరే కదండీ కొంప ముంచింది!

నెల కిందటి మాట. పక్కనున్న నగరం అనే ఊరి నుంచి వచ్చిన సత్యదుర్గ మూడో మంచం మీద ప్రసవించింది. తడిసిన గుడ్డలన్నీ ట్రేలో వెయ్యాలి. సిస్టర్ కుసుమగారు వాటిని తూచి, ఎంత రక్తం పోయిందో రాసుకుంటారు. అదీ పద్ధతి. కానీ అది డాక్టరమ్మగారు రౌండ్‌కొచ్చే వేళ, మంచం మురికిగా కనబడితే చివాట్లు పెడతారు. మరిడమ్మ తడిసిన గుడ్డ బకెట్లో పడేసి పొడిది పెట్టింది. అదీ తడిసింది. మళ్ళీ మార్చింది. గుడ్డలయిపోతే పుట్టింటివాళ్ళు తెచ్చిన నీలంచీర ముక్క పెట్టింది. అదీ తడిసింది.

"ఎలా ఉంది మరిడమ్మా?" అని సిస్టర్ అడిగితే, "ఆయ్, పొడిగానే ఉందండి" అంది.

రక్తం పోతోందని సిస్టర్‌కి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అమలాపురం పెద్దాసుపత్రికి చేరేలోపే సత్యదుర్గ ప్రాణం పోయింది. బకెట్లో గుడ్డలన్నీ మరిడమ్మే ఆసుపత్రి చెత్తబండికి ఎక్కించేసింది. ఎవరికీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

ఇవాళ రెండో మంచం మీద కీర్తి ఉంది. గంట కిందటే ఆడపిల్లని కని పడుకుంది. మూడో మంచం ఖాళీ.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఫినాయిలు వాసన మీద ఇంకో పచ్చి వాసన తేలింది. మరిడమ్మకి తెలిసిన వాసనే...

టప్... టప్...

మూడో మంచం కింద ఎర్రటి చుక్క. తుడిచింది. మళ్ళీ పడింది. మళ్ళీ తుడిచింది.

"తుడవకు పిన్నీ..."

చెవి పక్కనే. నీరసంగా. మంచం మీద ఎవరూ లేరు... పరుపు మాత్రం మనిషి పడుకున్నంత మేర దిగిపోయి ఉంది.

"తప్పయిపోయింది తల్లీ..."

"చూపించు పిన్నీ..."

చుక్కలు ఒకదాని ముందు ఒకటి పడుతూ రెండో మంచం దాకా వెళ్ళేయి. మరిడమ్మ కీర్తి దుప్పటి ఎత్తింది. గుడ్డ నిండి పరుపంతా నెత్తురు. కీర్తి పెదాలు పాలిపోయేయి. రౌండ్‌ వేళవుతోంది. అలవాటు చొప్పున మరిడమ్మ చెయ్యి బకెట్ వైపు వెళ్ళింది. ఛీ, ఇంకా బుద్ధి రాలేదా!

"సిస్టర్‌గారండీ! రక్తం! పరిగెత్తి రండి!"

కుసుమగారు కీర్తి పొట్ట గట్టిగా నొక్కి పట్టేరు. డాక్టరమ్మగారు సూదులు వేయించేరు, సెలైన్ పెట్టించేరు, రక్తం తెప్పించి ఎక్కించేరు. ప్రతి గుడ్డా మరిడమ్మే ట్రేలో వేసింది. ఒక్కటీ దాచలేదు. సాయంత్రానికి కీర్తి కళ్ళు తెరిచి "పాప పాలు తాగిందా?" అని అడిగితే, మరిడమ్మ పక్కకి తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది.

కరెంటొచ్చింది. ట్రేలో అడుగున మిగిలిన గుడ్డ తీసి కుసుమగారు ఆగిపోయేరు.

"మనవన్నీ తెల్లగుడ్డలే. కీర్తివాళ్ళు ఏ గుడ్డలూ తేలేదు. ఈ నీలంచీర ముక్క ఎవరిది?"



"సత్యదుర్గదండి..."

"ఆ పిల్లకి పొడిగానే ఉందన్నావుగా?"

"అబద్ధం చెప్పేనండి... నేనే చంపుకున్నానండి ఆ పిల్లని..."

 కుసుమగారు ముక్కని కాటా మీద పెట్టేరు. అది ఇంకా వెచ్చగా ఉంది. కాటా మీద అంకె పెరగడం మొదలెట్టింది... ఇద్దరూ చూస్తూ నిలబడిపోయేరు... పెరుగుతూనే ఉంది.