ఎడమ పెడల్ దానంతటది ఊడదు

వాన ఒక్కసారిగా పెద్దదవడంతో డ్రాయింగు మాస్టారు సైకిలు దిగకుండానే టైలరు గారి అరుగు మీదికి ఎక్కించేశాడు.

అరుగు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నీళ్ళ బేసిన్‌లో సైకిలు ట్యూబు ముంచి బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తోంది. మాస్టారి ముందు చక్రం వెళ్ళి ఆ బేసిన్‌ని ఢీకొట్టింది. నీళ్ళు సగం ఆమె ఒళ్ళోకి, సగం అతని బూట్లలోకి పోయాయి.

"కళ్ళు కనిపించడం లేదా?" అంది ఆమె.

"సారీ అండీ! కళ్ళద్దాల మీద వాన..."

"అద్దాల మీద వాన పడుతుంటే దిగి నడిపించుకు రావాలి. మీ బ్రేకు వీధి చివరి నుంచే అరుస్తోంది. రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటాయి. ఉప్పుకాగితంతో రుద్దండి. ఆ బూట్లలో పాత పేపర్లు ఉండలు చేసి కూరండి, తెల్లారేసరికి తడి లాగేస్తాయి."

ఆమె తిడుతోందో సాయం చేస్తోందో అతనికి తెలియలేదు. తల మాత్రం ఊపాడు.

లోపల కుట్టుమిషను ఆగింది. "ఎవరమ్మా?" అన్నారు టైలరు గారు.

"మేడ మీద గదిలో దిగిన కొత్త మాస్టారు అనుకుంటా నాన్నా. దిగడం ఇంకా పూర్తి కాలేదు, సైకిలు మీదే ఉన్నారు."

అతను గబుక్కున దిగాడు.

ఆ అమ్మాయి తండ్రి పక్కన కూర్చుని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. తల్లి చిన్నప్పుడే పోతే బామ్మ పెంచింది. అందుకేనేమో బామ్మకి తెలిసిందంతా ఇరవై ఏళ్ళకే ఆమెకి వచ్చేసింది. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు పనిలో పనిగా ఏదో ఒకటి అడిగేవారు. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గ్లాసులు ఎలా తియ్యాలి? పై దాంట్లో చల్లనీళ్ళు పోసి, కింది దాన్ని వేణ్ణీళ్ళలో పెట్టు. చొక్కాకి నూనె అంటితే? సుద్దపొడి చల్లి కాసేపు వదిలెయ్. వీధి వీధంతా ఆమెని 'చిన్నబామ్మ' అని పిలిచేది.

ఆ పేరు ఆమెకి ఇష్టం లేదు. కొంతమంది కుర్రాళ్ళు కావాలని వచ్చేవారు. "చిన్నబామ్మా, దోమకి దగ్గొస్తే ఏం చెయ్యాలి?" అని అడిగి, నవ్వుకుంటూ సైకిళ్ళెక్కి పోయేవారు. ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకునేది.

ఇంటాయన కొడుకు అక్కడ కొత్తగా షాపు పెట్టుకుంటానన్నాడు. నెలాఖరుకి టైలరు గారి కుటుంబం ఊరికి అటు చివర, మార్కెట్టు దాటాక ఉన్న వేరే ఇంటికి మారిపోవాలి. మాస్టారికి ఈ సంగతి రెండో రోజునే తెలిసింది. తెలిసిన రోజు ఏమీ అనిపించలేదు. వారం తిరిగేసరికి మాత్రం క్యాలెండరు వంక చూడబుద్ధి కాలేదు.

ఎందుకంటే అప్పటికి అతను రోజూ సాయంత్రం కిందికి దిగుతున్నాడు.

"ఏవండీ, కొళాయి కారుతోంది. రాత్రంతా టప్పు టప్పు అని ఒకటే చప్పుడు."

"వాషరు పోయి ఉంటుంది. మార్చేదాకా కొళాయికి ఒక దారం కట్టి, కొస బకెట్లో వదలండి. నీళ్ళు దారం వెంట జారిపోతాయి, చప్పుడుండదు."

మర్నాడు, "తలుపు పడటం లేదండీ."

"వానకి చెక్క ఉబ్బింది. అంచుకి సబ్బు రుద్దండి."

"ఏ సబ్బు?"

"మీకు ఇష్టమైన సబ్బు మాస్టారూ! తలుపేమైనా సినిమాకి వెళ్తుందా?"

బామ్మ లోపలి నుంచి కిసుక్కున నవ్వింది. మాస్టారు కూడా నవ్వాడు. కానీ వెళ్ళి నిజంగానే సబ్బు రుద్దాడు. రుద్ది, తలుపు పడిందని చెప్పడానికి మళ్ళీ వచ్చాడు. అలా మళ్ళీ వచ్చి ఫలితం చెప్పేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. పైగా అతను ఒక్కసారి కూడా 'చిన్నబామ్మా' అనలేదు. ఆ సాయంత్రం ఆమె ఒకే చొక్కాకి ఒక గుండీ ఎక్కువ కుట్టేసింది.

"ఈ చొక్కా వేసుకునేవాడికి రెండు మెడలున్నాయటే?" అంది బామ్మ.

తర్వాత రెండుసార్లు బ్రేకు మళ్ళీ అరుస్తోందంటూ వచ్చాడు. నెల చివరి వారంలో అతను సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఎడమ పెడల్ చేతిలో ఉంది.

"తొక్కుతుంటే ఊడిపోయిందండీ. దానంతటదే."

ఆమె పెడల్ తీసుకుని చూసింది. తర్వాత అతని చెయ్యి చూసింది. మూడు వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి.

"దానంతటదే ఊడిందా?"

"అవునండీ. స్కూలు మలుపులో."

"మాస్టారూ, కుడి పెడల్ అన్ని మరల్లాగే బిగుస్తుంది. ఎడమదానికి మర తిరగేసి ఉంటుంది. తొక్కేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. ఊడాలంటే ఎవరో ఒకరు పానా పెట్టి తిప్పాలి. అదీ అందరికీ తెలిసిన వైపు కాదు, దానికి ఎదురు వైపు. తెలియకపోతే వేళ్ళు చెక్కుకుపోయేదాకా తిప్పుతారు."

అతను చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కొళాయి నిజమేనండీ. తలుపు కూడా నిజమే."

"బ్రేకు?"

"సగం నిజం."

బామ్మ పగలబడి నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమె మొహంలో ఏదో చప్పున ఆరిపోయింది.

"ఆ దోమ దగ్గు వాళ్ళయినా ఎదురుగా నవ్వి పోతారు. మీరు మేడ మీదికి వెళ్ళి నవ్వుకున్నారన్నమాట. ఇన్నాళ్ళూ నేను నిజమనుకుని చెబుతున్నాను."

"అయ్యో, అలా కాదండీ..."

"సైకిలు షాపు పక్క వీధిలో ఉంది. బిగించి ఇస్తాడు." పెడల్ అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి అతను వచ్చినా ఆమె తల ఎత్తలేదు. "బామ్మా, మాస్టారికి ఏం కావాలో కనుక్కో" అనేది.

"ఏం కావాలి నాయనా?" అని బామ్మ అడిగేది.

"ఏం లేదండీ" అని అతను మేడెక్కేసేవాడు.

"పిచ్చి పిల్లా! నవ్వాలనుకున్నవాడు వేళ్ళు చెక్కుకుంటాడటే?" అంది బామ్మ ఆ రాత్రి దీపం ఆర్పుతూ.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ ముక్క తనకి తెలియక కాదు. మళ్ళీ నమ్మి, మళ్ళీ నవ్వులపాలైతే? ఆ భయానికి బామ్మ దగ్గర కూడా చిట్కా లేదు.

ఇల్లు మారే ఆదివారం రానే వచ్చింది. ట్రాలీ గుమ్మం ముందు ఆగింది. మిషన్లు ఎక్కాయి, బీరువా ఎక్కింది, బామ్మ కుర్చీ ఎక్కింది, కుర్చీలో బామ్మ కూడా ఎక్కి కూర్చుంది. మిగిలింది బట్టలు కత్తిరించే బల్ల ఒక్కటే.

ఆ బల్లని టైలరు గారి పెళ్ళయిన కొత్తలో వడ్రంగి షాపు లోపలే కూర్చుని చేశాడు. అది ఆ గుమ్మం దాటి బయటికి రావలసి వస్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు. అడ్డంగా రాలేదు. నిలువుగా రాలేదు. పక్కకి వాల్చి నెడితే రెండు కాళ్ళు బయటికొచ్చి, మిగతా రెండూ లోపల ఉండిపోయి, గుమ్మంలో బిగుసుకుపోయింది.

అంతే, వీధి మొత్తం పోగయింది. ఇన్నేళ్ళూ సలహాలు తీసుకున్నవాళ్ళంతా ఒక్కపూటలో తిరిగి ఇచ్చేస్తున్నట్టుగా ఉంది.

"కాళ్ళు కోసెయ్యండి!" అన్నాడు పాలాయన.

"బల్లనెందుకు, గుమ్మాన్నే కొయ్యండి" అంది కిరాణా కొట్టు పిన్ని.

"ముందు వెనక్కి తీసి, ఆ తర్వాత ముందుకి! రైట్, రైట్! ఆఁ, హోల్డాన్!" అని గోడ మీద కూర్చుని అరిచాడు రిటైరైన బస్సు కండక్టరు.

కాళ్ళు కొయ్యమన్న మాటకి అరుగు మీద నిలబడ్డ టైలరు గారి మొహం చిన్నబోయింది. ఆ బల్ల మీదే ఆయన కూతురికి మొదటి గౌను కత్తిరించారు. "చూడమ్మా, నువ్వేమంటావు?" అన్నారు కూతురితో.

ఆమెకేమీ తోచలేదు. అందరికీ అన్నీ చెప్పే నోరు ఆ పూట పెగల్లేదు. లోపలి వైపు బల్ల బరువు మోస్తూ నిలబడిపోయింది.

అప్పుడు బయటి వైపు బల్లకింద ఎవరో దూరారు. ముందు కళ్ళద్దాలు కనిపించాయి.

"ఎటు పట్టుకోమంటారు?" అన్నాడు డ్రాయింగు మాస్టారు.

అంతమందిలో ఆ మాట అడిగినవాడు అతనొక్కడే.

"ఆ కాలు దగ్గర" అంది ఆమె మెల్లగా.

అతను పట్టుకున్నాడు. ఆమె భుజం మీద బరువు సగం తగ్గింది. బయట పాలాయనకీ కండక్టరుకీ రంపం విషయంలో గొడవ ముదిరింది. టైలరు గారు వాళ్ళని సర్దడానికి వెళ్ళారు. గుమ్మంలో బల్ల, బల్లకి ఇటు ఆమె, అటు అతను. మధ్యలో చెక్క. మొహాలు కనిపించడం లేదు.

"నేను మేడ మీదికి వెళ్ళి నవ్వలేదండీ" అన్నాడు అతను చెక్క అవతలి నుంచి. "నా గదిలో ప్రాబ్లమ్స్ అయిపోయాయి. ఉన్నవన్నీ మీరు బాగుచేసేశారు. ఇంక దేనికని కిందికి రావాలి?"

ఆమె బల్ల అంచుని భుజం మీదికి సర్దుకుంది.

"ఉత్తినే రావచ్చుగా?"

"ఉత్తినే వస్తే, ఎందుకొచ్చావని మీరు అడిగితే?"

"అడిగితే చెప్పాలి."

"మీరంటే ఇష్టం అని చెప్పాలి అప్పుడు. దానికి ధైర్యం చాల్లేదు. పెడల్ తిప్పడమే సులువనిపించింది. అదీ సులువు కాలేదు."

అతను చెక్కకి చెవి ఆనించాడు.

"ఏవండీ? ఉన్నారా?"

"ఉన్నాను. చేతులు ఖాళీ లేవు, కళ్ళు తుడుచుకోవడానికి."

"ఏడుస్తున్నారా?"

"నవ్వుతున్నాను కూడా. మీరు కదలకండి, బల్ల పడిపోతుంది." ఆ వెంటనే ఎప్పటి గొంతుతో అంది. "మాస్టారూ, మీ వైపు పైకెత్తి కుడి పక్కకి రండి. నేను నా వైపు దించుతాను. లోపల మిగిలిన కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి రావాలి, రెండూ ఒకేసారి కాదు."

అతను ఎత్తాడు, ఆమె దించింది. మూడో కాలు వచ్చింది. కొంచెం తిప్పారు. నాలుగో కాలు గుమ్మానికి రాసుకుంటూ వచ్చేసింది. బల్ల వెంట ఆమె కూడా వచ్చింది, జుట్టు నిండా దుమ్ముతో, తడి కళ్ళతో, నవ్వుతూ.

"నేను చెప్పలా? రైట్ అని!" అన్నాడు కండక్టరు.

ట్రాలీ మీది బామ్మ మాత్రం బల్ల వంక చూడలేదు. గుమ్మం పక్కనే ట్రాలీ ఉంది, ఆవిడ చెవులు పాతికేళ్ళ వాళ్ళ చెవులకన్నా చురుకు. కొడుకుని దగ్గరికి పిలిచి ఏదో చెప్పింది. టైలరు గారు కూతురి మొహం చూశారు, మాస్టారి మొహం చూశారు. మెడలో టేపు సర్దుకుంటూ వచ్చారు.

"మాస్టారూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరున్నారు?"

"అమ్మా, అక్కా బావగార్లూ ఉన్నారండీ."

"ఒకసారి మా కొత్తింటికి తీసుకురండి. ఎప్పుడు వీలవుతుంది?"

అతను కంగారుగా ఆమె వంక చూశాడు. "ఎప్పుడు రమ్మంటారు?"

"ఇలాంటి వాటికి నేను సలహాలు ఇవ్వను" అంది ఆమె తల వంచుకుని. ట్రాలీ కదిలాక వెనక్కి తిరిగింది. "కాకపోతే వచ్చే ఆదివారం నాన్నకి పెద్దగా పనుండదు!"