ప్రభువుకి చెప్పిన చాడీలు

పొద్దున ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది ఇల్లాలి గొంతు. మనిషి ఇంకా దుప్పటి మడతపెడుతూనే ఉంటుంది, గొంతు మాత్రం అప్పటికే స్నానాల గది తలుపు తట్టి, పిల్లల మంచం పక్కన నిలబడి ఉంటుంది. అలాగని గయ్యాళి అనుకోకండి. ఇద్దరు చిన్నపిల్లలు, ఒక అత్తగారు, లిఫ్టులు బాగుచేసే మొగుడు, కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం. ఇన్నిటినీ నెట్టుకొచ్చే మనిషికి గొంతు కాస్త ముందు నడవకపోతే పనులు తెమలవు.

“పిచ్చుకా! ఇంకా ఆ గ్లాసు పట్టుకునే కూర్చున్నావా? తాగు!”

పిచ్చుక ఆవిడ ఏడేళ్ళ కూతురు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ కిచకిచమంటూనే ఉంటుందని తండ్రి పెట్టిన ముద్దుపేరు అది. బడిలో తప్ప అసలు పేరుతో దాన్ని ఎవరూ పిలవరు.

“మీగడ ఉందమ్మా.”

“మీగడే కదా, పాము కాదుగా!”

“తమ్ముడి గ్లాసులో లేదు.”

“వాడి గ్లాసులో పాలే లేవు, అన్నీ చొక్కా మీదే ఉన్నాయి,” అంది నాయనమ్మ, మనవడి మెడ కింద తుడుస్తూ. నాలుగేళ్ళ బుడ్డోడు చొక్కా వంక చూసుకుని, అదేదో తను సాధించిన ఘనకార్యంలా నవ్వాడు.

ఇల్లాలు అటు తిరిగేసరికి ఇటు గ్లాసు ఖాళీ అయింది. సింకులో తెల్లగా ఒక చార మిగిలింది. ఆవిడ అది చూసింది, నోరు తెరిచింది, ఇంతలో పడగ్గదిలో పరుపు మీద తడి తువ్వాలు కూడా కంటపడింది.

“ఏమండీ! మళ్ళీ తువ్వాలు మంచం మీదేనా?”

“ఆరుతుందని వేశానే.”

“ఆ, అది ఆరుతుంది, పరుపు తడుస్తుంది!”

“తీసేస్తున్నా తల్లీ, తీసేస్తున్నా. సాయంత్రం ప్రార్థనలో మాత్రం చెప్పకు,” అంటూ ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పరుగెత్తాడు. నాయనమ్మ ఫక్కున నవ్వింది. పిచ్చుక నవ్వలేదు. బ్యాగు తగిలించుకుని వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది.

ఆయన ఉత్తినే అన్న మాట కాదది. రోజూ సాయంత్రం భోజనాలకి ముందు ఆ ఐదుగురూ ముందుగదిలో దివాన్ చుట్టూ మోకాళ్ళూని కుటుంబ ప్రార్థన చేసుకుంటారు. ఇల్లాలి పుట్టింట్లో ప్రార్థన కాకుండా కంచాలు పెట్టేవారు కాదు. అత్తింట్లోనూ అదే పద్ధతి కావడం తన అదృష్టమని ఆవిడ ఎప్పుడూ అనుకుంటుంది. చిన్నవాళ్ళతో మొదలుపెట్టి పెద్దవాళ్ళ దాకా ఒక్కొక్కరూ పైకి ప్రార్థన చెయ్యాలి; ముగింపు మాత్రం ఇంటాయనది. బుడ్డోడిది అర నిమిషంలో అయిపోతుంది. “బంతికి వందనాలు, పిల్లికి వందనాలు, నాన్న చెప్పులకి వందనాలు, ఆమెన్.”

చిక్కంతా ఇల్లాలి వంతు దగ్గరే వచ్చేది. ఆవిడ భక్తికి వంక పెట్టడానికి లేదు. కానీ ఆ వేళకి రోజంతా పోగైన విసుగు గొంతు దాకా వచ్చి ఉంటుంది. కళ్ళు మూసుకుంటే చాలు, విన్నపం ఎక్కడ ఆగిందో, ఫిర్యాదు ఎక్కడ మొదలైందో ఆవిడకే తెలియదు.

“పరలోకమందున్న మా తండ్రీ, ఈ దినమంతా కాపాడినందుకు స్తోత్రం. ఇంటికి పెద్దైన నీ దాసుడికి తడి తువ్వాలు ఎక్కడ ఆరెయ్యాలో తెలిసే జ్ఞానం దయచెయ్యి. అత్తయ్యకి మాత్రలు వేళకి మింగే మనసునివ్వు. ఈ ఆడపిల్ల చూశావుగా ప్రభువా, పాలు పారబోసి తాగానంటుంది, తమ్ముణ్ణి గిల్లి గిల్లలేదంటుంది, ఒక మాటంటే పది మాటలు అప్పగిస్తుంది. దీనికి బుద్ధి ఎప్పుడొస్తుందో నీకే తెలియాలి.”

తర్వాతి వంతు అత్తగారిది. ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా? “ప్రభువా, మాత్రలు పొద్దున్నే మింగాను. డబ్బా తీసి చూసుకోమని మా కోడలికి చెప్పు.” ఇంటాయన నవ్వు ఆపుకోలేక గబగబా ముగింపు ప్రార్థన చేసేసి ఆమెన్ అనేవాడు. ఆ పైన కంచాల ముందు కూర్చుని అందరూ అదే తలుచుకుని నవ్వుకునేవారు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

కొన్నాళ్ళుగా మాత్రం పిచ్చుక తన వంతు వచ్చేసరికి నోరు తెరవడం లేదు. తలొంచుకుని కాసేపు ఊరుకుని, “ఆమెన్” అనేస్తోంది. నిద్ర వస్తోందేమోనని తల్లి మొదట్లో పట్టించుకోలేదు. తర్వాత బద్ధకం అనుకుంది. ఆ బద్ధకాన్ని కూడా ప్రార్థనలో చేర్చింది.

ఆ రోజు దుకాణంలో ఎవరికో కళ్ళజోడు కాడలు చెవుల వెనక సరిగ్గా కూర్చునేలా వంచుతుండగా ఫోను మోగింది. చర్చిలో పిల్లలకి సండే స్కూల్ చెప్పే టీచరమ్మ.

“వందనాలండీ. మీ పిచ్చుక గురించే చేశాను. ఈ ఆదివారం ఆరాధనలో ప్రార్థన పిల్లలతోనే చేయిద్దామని పాస్టరు గారన్నారు. ధైర్యంగా మాట్లాడేది మీ పాపే కదా అని దాని పేరు చెప్పాను.”

“సంతోషమండీ!” అంది ఇల్లాలు. మొహం చేటంత వెడల్పయింది.

“అది కాదండీ, తను చెయ్యనంటోంది. ఎందుకని ఎంత అడిగినా చెప్పదు. ‘ఇంకెవరితోనైనా చేయించండి, నాది వద్దు’ అంటుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా.” టీచరమ్మ కాస్త తటపటాయించి మెల్లగా అడిగింది. “ఇంట్లో అంతా బాగానే ఉంది కదండీ?”

ఆ ఒక్క ప్రశ్న ఇల్లాలికి ముల్లులా గుచ్చుకుంది. మా ఇంట్లో ఏం తక్కువని? ప్రార్థన మానిన రోజుందా? తన కడుపున పుట్టిన పిల్ల దేవుడి దగ్గర నోరు విప్పనంటోందంటే ఎవరైనా ఏమనుకుంటారు? మొదట సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. కోపం అడుగున మెల్లగా భయం మొదలైంది. తను తన బిడ్డలకి ఇవ్వగలిగిన ఆస్తి ఏదైనా ఉంటే అది ఆ విశ్వాసం ఒక్కటే. అదే ఏడేళ్ళ పిల్ల చేతిలోంచి జారిపోతోందేమోనని ఆవిడకి ఆ పూట పని మీద చెయ్యి ఆడలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది. పిచ్చుక పక్కన కూర్చుని సాయం చేస్తోంది. బుడ్డోడు కింద పడ్డ గింజలు ఏరుకుని జేబులో వేసుకుంటున్నాడు. ఇల్లాలు హ్యాండ్‌బ్యాగు కూడా కింద పెట్టలేదు.

“ఆదివారం ప్రార్థన చెయ్యనన్నావట?”

పిచ్చుక చెయ్యి ఆగింది. “ఊఁ.”

“ఎందుకని?”

“ఊరికే.”

“ఊరికే ఏంటి? బడిలో పద్యం అప్పజెప్పమంటే అందరికన్నా ముందు చెయ్యెత్తుతావు. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ బుర్ర తినేస్తావు. దేవుడి దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోయిందా?”

“కాళ్ళైనా కడుక్కోకుండా మొదలుపెట్టావేంటమ్మాయ్,” అంది అత్తగారు.

“మీరుండండత్తయ్యా. ఇవాళ ఇది తేలాల్సిందే. చెప్పవే! ఇంట్లోనూ చెయ్యవు, అక్కడా చెయ్యవు. ఏమైంది నీకు?”

పిచ్చుక చేతిలో ఉన్న బఠాణీ కాయని అటూ ఇటూ తిప్పింది.

“నాకు ఆయనతో మాట్లాడాలని లేదు.”

ఇల్లాలికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. “ఏమన్నావ్? ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావే?” చెయ్యి పైకి లేచింది. అత్తగారు చప్పున పిల్లని తన వైపు లాక్కుంది. నాయనమ్మ ఒళ్ళో చేరాక పిల్లకి ఏడుపు ఆగలేదు.

“ఆయనకి నేనంటే ఇష్టం లేదు!”

“ఎవరే ఆ మాట చెప్పింది?”

“నువ్వే!”

“నేనా? నేనెప్పుడు చెప్పానే?”

“నాకు కాదు, ఆయనకి! రోజూ ఆయనకి నా మీద చాడీలు చెప్తావు కదా.” పిచ్చుక వెక్కుతూ, మధ్యమధ్య ముక్కు ఎగబీలుస్తూ చెప్పుకుపోయింది. “పాలు పారబోశానని చెప్పావు. గిల్లానని చెప్పావు. అబద్ధాలాడతానని చెప్పావు. నాయనమ్మకి రోజూ సూదిలో దారం ఎక్కిస్తాను, అది చెప్పలేదు. తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడు నా బొమ్మ వాడి పక్కన పడుకోబెట్టాను. నువ్వు చూసి నవ్వావు కూడా. అదీ చెప్పలేదు. మా క్లాసులో ఒకమ్మాయి మీద రోజూ చాడీలు చెప్తే మా టీచర్ తనతో మాట్లాడటమే మానేసింది. ఆయన కూడా మానేసి ఉంటాడు. నేను వెళ్ళి ప్రార్థన చేస్తే, ‘ఓహో, ఆ పిల్లవేనా నువ్వు’ అంటాడు.”

బుడ్డోడు కూడా గింజలు ఏరడం ఆపేసి అక్క మొహంలోకి చూస్తున్నాడు.

ఇల్లాలు ఏదో అనబోయింది. దేవుడు అన్నీ చూస్తాడే పిచ్చిదానా, ఎవరూ చెప్పక్కర్లేదే అనాలనుకుంది. అంటే, మరి నువ్వెందుకు రోజూ చెప్తున్నావని అడుగుతుంది. దానికి జవాబేదీ? తన సణుగుడికి మొగుడు నవ్వేసి ఊరుకున్నాడు, అత్తగారు తిప్పికొట్టింది. తిప్పికొట్టలేనిది ఈ ఒక్కతే. అది రోజూ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, తన నేరాలన్నీ వింటూ ఉండిపోయింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగుతో సహా అక్కడే నేల మీద కూలబడి, కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది.

“నాకూ తోచలేదమ్మాయ్,” అంది అత్తగారు చిన్నగా. “నేనూ ఆయన్ని మధ్యవర్తిని చేసి నీతో పోట్లాడినదాన్నే కదా.”

అప్పుడే ఇంటాయన లోపలికి వచ్చాడు. బుడ్డోడు పరుగెత్తి ఆయన కాళ్ళని చుట్టేశాడు. “నాన్నా! అమ్మ ఏడుస్తోంది! అక్క తిట్టింది!”

“అదేంటి, ఈ ఇంట్లో తిట్టే ఉద్యోగం చేతులు మారిందా?” అన్నాడాయన. ఎవరూ నవ్వకపోయేసరికి బూట్లు విప్పడం మానేసి భార్య పక్కన కూర్చున్నాడు. ఆయన తల్లి రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. “నేను వింటూ నవ్వేవాణ్ణి కదే,” అన్నాడాయన.

ఆ సాయంత్రం అందరూ దివాన్ చుట్టూ చేరారు. బుడ్డోడు బఠాణీలకి వందనాలు చెప్పి తన పని ముగించాడు. పిచ్చుక తల వంచుకుంది.

“నువ్వు ఆగమ్మా,” అంది తల్లి. “ఇవాళ నేను ముందు చేస్తాను. ఆదివారం సంగతి కూడా టీచరమ్మకి నేను చెప్పుకుంటాలే. నీకు చెయ్యాలనిపించినప్పుడే చేద్దువుగాని.”

ఆవిడ కళ్ళు మూసుకుంది. రోజూ నోటికి వచ్చే మాట ఏదీ ఇవాళ రాలేదు. ప్రార్థన కొత్తగా నేర్చుకుంటున్న మనిషిలా ఒక్కో మాటే వెతుక్కుంది.

“ప్రభువా, నా కూతురి గురించి ఇన్నాళ్ళూ నీకు సగమే చెప్పాను. మిగతా సగం చెప్పలేదు. అది నాయనమ్మ అడక్కుండానే సూదిలో దారం ఎక్కిస్తుంది. వాళ్ళ నాన్న ఇంటికి రావడం ఆలస్యమైతే కిటికీ దగ్గర్నుంచి కదలదు. నాకు తలనొప్పి వస్తే తమ్ముణ్ణి వేరే గదిలోకి తీసుకుపోయి ఆడిస్తుంది. అవన్నీ చూసి కూడా నీ దగ్గర చెప్పడం మర్చిపోయాను. అలసిపోయి, విసుగంతా నీ ముందు దాని నెత్తిన దిమ్మరించాను. నువ్వు దాన్ని దూరం పెట్టవని నాకు తెలుసు. దానికి తెలియకుండా చేసింది మాత్రం నేనే. నన్ను క్షమించు. దాన్ని కూడా నన్ను క్షమించమని...”

మిగతా మాట బయటికి రాలేదు. ఎవరూ కళ్ళు తెరవలేదు. ఇంటాయన ఎక్కడ అందుకోవాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

అప్పుడు చిన్న గొంతు ఒకటి వినిపించింది.

“ప్రభువా, నేను పిచ్చుకని. అమ్మ నా మీద చెప్పినవి నిజాలే. ఇవాళ కూడా పాలు పారబోశాను. కానీ మా అమ్మ ఇప్పుడు ఏడుస్తోంది. తనని ఏమీ అనకు. తను మంచిదే. తమ్ముడు తన్నినా రాత్రంతా వాడి పక్కనే పడుకుంటుంది. పనులెక్కువ కదా, అందుకే అరుస్తుంది. నువ్వు కూడా తనని తిడితే ఇంక ఎవరికి చెప్పుకుంటుంది? ఆమెన్.”

“ఆమెన్,” అన్నాడు ఇంటాయన. “ఆమెన్,” అంది నాయనమ్మ. బుడ్డోడు రెండుసార్లు అన్నాడు.

ఇల్లాలు మాత్రం అనలేకపోయింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని, దాని జుట్టులో మొహం దాచుకుని, భుజాలు కదిలేలా ఏడుస్తూ ఉండిపోయింది. పిచ్చుక తల్లి చెవిలో గుసగుసగా అంది.

“అమ్మా, ఆమెన్ అను. నువ్వు అనకపోతే ఆయన ఇంకా వింటూనే ఉంటాడు.”

“విననీ తల్లీ,” అంది ఆవిడ. “విననీ.”